రాని మిషన్‌కు కృతజ్ఞతలు

ధనిక దేశాలు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాయి. మా ఎర్రకుంట బస్తీకి ఇస్తామన్న డయాలిసిస్ మిషన్ రాలేదు. ఈ రెండూ రుజువైన సంగతులు. మొదటిదానికి రుజువు రాయదుర్గంలో ఒక టవర్ పదకొండో అంతస్తులో ఉంది. రెండోదానికి రుజువు మా బస్తీ దవాఖాన వెనక గదిలో ఉంది. అది ఖాళీ గది. రెండు రుజువుల మధ్య నడక పన్నెండు నిమిషాలు. (సిగ్నల్ దగ్గర రోడ్డు దాటనిస్తే.)

తెలియనివాళ్ల కోసం కొంచెం చరిత్ర చెప్పాలి. తమకు వచ్చే ప్రతి వంద రూపాయల్లో డెబ్బై పైసలు పేద దేశాలకు ఇస్తామని ధనిక దేశాలు యాభై ఏళ్ల కిందటే మాట ఇచ్చాయి. ఇచ్చిన దేశాలను లెక్కపెట్టడానికి రెండు చేతులు అక్కర్లేదు. మిగిలినవి ఆ మాటను ఏటా గుర్తుచేసుకుంటాయి. గుర్తుచేసుకోవడానికి సమావేశం పెడతాయి. సమావేశంలో భోజనం ఉంటుంది. భోజనం ఖర్చు ఆ డెబ్బై పైసల్లోనే రాస్తారో లేదో నాకప్పుడు తెలియదు.

ఇన్ని మాటలు గుర్తుపెట్టుకోవడం వాళ్లకు బరువైంది. ఆ పని హైదరాబాద్‌కు అప్పగించారు. మనవాళ్లు ఏ పనైనా తక్కువకు చేస్తారు. అలా రాయదుర్గం మెట్రో పక్కన ‘అంతర్జాతీయ వాగ్దాన పర్యవేక్షణ కేంద్రం’ వెలిసింది. నేను ఏడో తరగతి దాకా చదివిన ఊరిబడి ఉన్నచోట ఆ టవర్ రెండో పార్కింగ్ అంతస్తు ఉంది. నాలుగు వందల మంది ఉద్యోగులు రెండు షిఫ్టుల్లో వాగ్దానాలను చూసుకుంటారు. నెరవేర్చడం వాళ్ల పని కాదు. చూసుకోవడం వాళ్ల పని.

ఆ కేంద్రం నియమావళి ప్రకారం వాగ్దానానికి ఆరు మెట్లు. ప్రకటన, పునఃప్రకటన, కట్టుబాటు, కేటాయింపు, అందజేత, కృతజ్ఞత. ఒకే మిషన్‌ను రెండేళ్లు వరసగా ప్రకటిస్తే రెండు మిషన్లు ప్రకటించినట్టు. మూడో ఏడు ప్రకటించకపోతే పొదుపు చేసినట్టు.

ఇక మా ఇంటి సంగతి. నా భార్య సీతాబాయికి రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేయించాలి. చేయించకపోతే మనిషి ఉండదు. ఇందులో మెట్లేమీ లేవు.

మదీనాగూడలో ఒక ట్రస్టు కేంద్రం ఉచితంగా చేసేది. షరతు ఒకటే, రోగిది మిషన్ లేని బస్తీ అయి ఉండాలి. మాది అలాంటిదే. ఆటోలో గంటంపావు పోవాలి, నాలుగు గంటలు మిషన్ మీద పడుకోవాలి, మళ్లీ గంటంపావు రావాలి. వచ్చేటప్పుడు ఆమెకు తల నిలిచేది కాదు. నా భుజం మీద పెట్టుకునేది. నోరు మాత్రం ఆగేది కాదు.

“కిడ్నీలు నన్ను సంపెటట్టు లేవయ్యా. గీ కొత్తగూడ ట్రాఫికే సంపుతది,” అనేది.

ఫిబ్రవరిలో ఒక రోజు దాత దేశం మా బస్తీకి వచ్చింది. ఆ దేశం పేరు రాయను. రాయకూడదని ఒప్పందంలో తొమ్మిదో నిబంధన ఉందట. (సాయం చేసేటప్పుడు మాత్రం పేరు అన్నిచోట్లా రాయాలి. అది ఎనిమిదో నిబంధన.) అక్కడ చలి ఎక్కువ, ఆవులు ఎక్కువ, మనుషులు తక్కువ. ఆ తక్కువ మందిలోంచి ఒక పొడుగాటి దొరసాని వచ్చింది. ఆమె వెంట పర్యవేక్షణ కేంద్రం నుంచి ఉదయ్ భాస్కర్ అనే అతను వచ్చాడు. ఏలూరు వైపు మనిషి. ఉద్యోగం పేరు ‘వాగ్దాన పరిపక్వత అధికారి’. మెడలో కార్డు మీద అలాగే ఉంది.

దవాఖాన వెనక గది చూసి దొరసాని తల ఊపింది. ఉదయ్ భాస్కర్ మాకు వివరించాడు.

“మిషను ఇక్కడికే వచ్చేస్తుందండి. అమ్మగారు ఇంటి నుంచి చెప్పులేసుకుని నడిచొచ్చేయొచ్చండి.”

“ఎప్పుడొస్తది బిడ్డా?” అని సీతాబాయి అడిగింది.

“ప్రక్రియ మొదలైపోయిందండి.”

“పెండ్లి ఖాయమంటవు, తారీకు చెప్పవు. పిల్లగాడు ఉన్నడా, లేడా?”

“తారీఖు దాత దేశం వారు చెప్పాలండి.”

సీతాబాయి తల ఎత్తి దొరసానిని చూసింది. “నువ్వు చెప్పు తల్లీ మరి. నాకు ఎక్కువ టైం లేదు,” అంది.

ఉదయ్ భాస్కర్ దాన్ని ఎలా తర్జుమా చేశాడో తెలియదు. దొరసాని మురిసిపోయి రెండు చేతులూ జోడించింది. సీతాబాయి కూడా జోడించింది. ఫోటో తీశారు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఉంది. దాచను.

మా హైదరాబాద్‌లో ఒక పద్ధతి. రోడ్డు వేస్తామని ఎవరైనా నోటితో అంటే చాలు, మర్నాడు పొద్దున్నే ఫ్లెక్సీ కడతాం. ఆయనకు కృతజ్ఞతలు, ఆయన ఫోటో, మా ఫోటోలు. టెండరు పిలిస్తే ఇంకో ఫ్లెక్సీ. రోడ్డు వేసినప్పుడు కట్టం, అప్పటికి ఆయన పదవిలో ఉండడు. ముందే కృతజ్ఞత చెబితే అవతలి మనిషికి వెనక్కి పోవడానికి మొహం చెల్లదని మా లెక్క. దశాబ్దాలుగా ఈ లెక్క మీదే మా నల్లా, మా కరెంటు, మా మురుగు మోరీ వచ్చాయి.

బస్తీ యువజన సంఘం అధ్యక్షుడు అజయ్ ఆ సాయంత్రమే వచ్చాడు.

“కాకా, పొద్దుగాల్ల వరకు ఫ్లెక్సీ లేవాలె. లేకుంటే పక్క బస్తోళ్లు కట్టేస్తరు. మిషిన్ గాళ్ల దిక్కు మళ్లుతది.”

“మనకు ఇస్తమన్నది వాళ్లకెట్ల పోతదిరా?”

“కాకా, నీకు తెల్వదు. దేశాలు గూడా లీడర్ల లెక్కనే ఉంటయి.”

ఫ్లెక్సీ పన్నెండడుగులు. ఒక పక్క ఫోన్లో దొరికిన డయాలిసిస్ మిషన్ బొమ్మ. ఒక పక్క దొరసాని. మధ్యలో చేతులు జోడించిన సీతాబాయి. కింద సంఘం సభ్యులు పద్నాలుగు మంది, నల్లకళ్లద్దాలతో. ‘డయాలిసిస్ మిషన్ దాతలకు ఎర్రకుంట బస్తీ కృతజ్ఞతలు’ అని అక్షరాలు. నేను కరెంటు శాఖలో వైర్‌మన్‌గా చేసి రిటైరైన వాణ్ణి. స్తంభం ఎక్కింది నేనే. కట్టింది నేనే. ముడి గట్టిగా వేశాను.

సీతాబాయి కింద నిలబడి చూసింది. “గింత పెద్దగ ఏసిన్రు. నేనేమన్న పోయిన్నా?” అంది. అజయ్ నాలుక కరుచుకున్నాడు. ఆమె ఒక్కతే నవ్వింది.

ఉదయ్ భాస్కర్ ఆఫీసుకు పోతూ బైక్ ట్యాక్సీ ఆపించి ఆ ఫ్లెక్సీని ఫోటో తీసుకున్నాడు. మాకు సంతోషమైంది. పని కదిలిందనుకున్నాం. నిజమే, కదిలింది.

మేము గది సిద్ధం చేసుకున్నాం. బస్తీలో మొత్తం పదకొండు మందికి డయాలిసిస్ అవసరం. పదకొండు ఇళ్లవాళ్లం కలిసి గద్దె కట్టించి తెల్ల టైల్స్ వేయించాం. నీళ్ల పైపు వేయించాం. కరెంటు పాయింటు నేనే పెట్టాను. మార్చి పోయింది. ఏప్రిల్, మే పోయాయి. మిషన్ రాలేదు. జూన్‌లో టవర్‌కు పోయాను.

గేటు దగ్గర ఒక పలక మీద మనం వచ్చిన కారణం నొక్కాలి. ఇంటర్వ్యూ, మీటింగ్, మరమ్మతు, ఫుడ్ డెలివరీ అని నాలుగే ఉన్నాయి. అడగడానికి వచ్చినవాడికి గడి లేదు. ఫుడ్ డెలివరీ నొక్కాను. వెంటనే పైకి పంపారు.

పదకొండో అంతస్తులో జ్యోత్స్న అనే అమ్మాయి కూర్చోబెట్టింది. చాయ్ ఇప్పించింది. వాళ్లది శంకర్‌పల్లి. ఆమె ఉద్యోగం ‘కృతజ్ఞతా విశ్లేషకురాలు’. ప్రపంచంలోని పేదలు చెప్పే కృతజ్ఞతలను కొలిచి నమోదు చేయడం ఆమె పని. కంప్యూటర్లో మా బస్తీని వెతికింది.

“అంకుల్, మీది గ్రీన్ ఉంది.”

“మిషిన్ రాలేదమ్మా.”

“గ్రీన్ అంటే వచ్చినట్టే అంకుల్.”

“ఏడికొచ్చింది?”

ఆమె తెర నావైపు తిప్పింది. తెర మీద మా ఫ్లెక్సీ. పద్నాలుగు నల్లకళ్లద్దాలు నన్నే చూస్తున్నాయి.

“థ్యాంక్స్ చెప్పిన్రు కదా. అది ఆఖరి స్టెప్. ఆఖరిది అయిపోతే దాని కిందివన్నీ సిస్టమే అయిపోయినట్టు చేసుకుంటది.”

“మా దిక్కు ముందుగాల్నే చెప్తరు బిడ్డా. చెప్తేనే వస్తది.”

“నాకు తెల్సు అంకుల్. మా ఊర్ల గూడా గట్లనే. కానీ వాళ్ల దేశంల వచ్చినంకనే చెప్తరంట.”

ఇంత వింత ఆచారం ఉంటుందని మాకెవరు చెప్పారు?

అయితే కృతజ్ఞత వెనక్కి తీసుకుంటానన్నాను. ఆమె చాలాసేపు వెతికింది. వీలుంది. పద్నాలుగో నంబరు ఫారం. ‘కృతజ్ఞత ఉపసంహరణ దరఖాస్తు’. దానికి ఒకటే షరతు: అందిన వస్తువును పనిచేసే స్థితిలో, వచ్చిన డబ్బాలోనే, వాపసు చేయాలి.

ఫారం నింపాను. ‘వాపసు చేసే వస్తువు’ అన్నచోట ‘ఖాళీ గది’ అని రాశాను. పది రోజులకు జవాబొచ్చింది. గది మీ దేశానిదే కనుక వాపసు తీసుకోలేమని, మీ నిజాయితీకి ధన్యవాదాలని ఉంది.

మళ్లీ పోయాను. మళ్లీ పోయాను. ప్రతిసారీ చాయ్ ఇచ్చారు. ఏడోసారి గొంతు పెంచాను. దాంతో తనిఖీకి ఒప్పుకున్నారు. తనిఖీ చేసేవాణ్ణి ‘స్వతంత్ర మూల్యాంకనకర్త’ అంటారు. ఆయన దాత దేశంలోనే ఉంటాడు. రావడానికి డబ్బుల్లేవు. (ఆ ఏడాది ప్రయాణాల డబ్బంతా ప్రయాణాలు తగ్గించడంపై సమావేశానికి అయిపోయింది.) అందుకని ఫోన్లో వీడియో తనిఖీ. ఉదయ్ భాస్కర్ ఫోన్ పట్టుకుని వెనక గదిలోకి వచ్చాడు. వెనక మేము. తెల్ల టైల్స్ గద్దె వైపు ఫోన్ తిప్పి చూపించాడు.

ఫోన్లో ఆయన ఏదో అన్నాడు.

“మిషను లోడవ్వట్లేదంటున్నారండి,” అన్నాడు ఉదయ్ భాస్కర్. “మన సైడు సిగ్నల్ వీకుగా ఉన్నట్టుంది.”

“సిగ్నల్ మంచిగనే ఉన్నది సారూ. మిషినే లేదు,” అన్నాను.

“అదేనండి. లేనట్టుగా కనిపిస్తోందంటండి.”

సీతాబాయి గోడ పట్టుకుని మెల్లగా గద్దె ఎక్కింది. కాళ్లు ఉబ్బి ఉన్నాయి. మధ్యలో కూర్చుంది.

“బిడ్డా, గాయనను అడుగు. నేను కనవడ్తున్ననా?”

అతను అడిగాడు. “బ్రహ్మాండంగా కనిపిస్తున్నారంటండి.”

“మరి నేను లోడయిన గదా. నేను కూసున్న జాగల మిషిన్ ఎందుకు లోడైతలేదు?”

ఉదయ్ భాస్కర్ జేబురుమాలు తీసి ఫోన్ అద్దం తుడిచాడు. మళ్లీ చూపించాడు. అప్పుడు కూడా సీతాబాయే కనిపించింది.

నివేదిక రెండు వాక్యాలు. ‘లబ్ధిదారు మిషన్ స్థలంలో ఉల్లాసంగా కనిపించారు. ఇన్ని నెలల తర్వాత కూడా మిషన్ మీద ఒక్క గీత పడినట్టు ఆధారాల్లేవు.’ ఇది తప్పని ఎవరూ అనలేరు. నేను కూడా అనలేదు.

నివేదిక పోయాక ఎర్రకుంట పేరు ‘మిషన్ ఉన్న బస్తీలు’ అన్న జాబితాలోకి ఎక్కింది. ఆ జాబితా మదీనాగూడ ట్రస్టుకూ పోతుంది. అక్కడ రోగుల వంతులు చూసే వాసంతి ఫోన్ చేసింది. నెమ్మదస్తురాలు. తాడేపల్లిగూడెం మనిషి.

“బాబాయ్ గారూ, మీ బస్తీకి మిషనొచ్చిందని లిస్టులో ఉందండి. ఇక్కడ అరవై మంది ఎదురుచూస్తున్నారు. పైవాళ్లు పిన్నిగారితో సహా మీ బస్తీవాళ్ల పేర్లన్నీ తీసేయమంటున్నారండి.”

“మిషిన్ రాలేదమ్మా. నువ్వొచ్చి చూడు.”

“నాకు తెలుసండి. మీరబద్ధం చెప్పరు. కానీ లిస్టులో ఉంది కదండి. ఎవరైనా రాని రోజున ఫోన్ చేస్తానండి, వెంటనే వచ్చేయండి.”

(అక్కడికి వచ్చేవాళ్లు ఒక రోజు రాకపోవడానికి సాధారణంగా ఒకటే కారణం ఉంటుంది.)

సీతాబాయికి చెప్పాను. ఆమెకు విషయం నాకంటే ముందే అర్థమైంది.

“ఇంకోల్లు పోవాలని ఫోన్ దిక్కు సూస్కుంట కూసోవాల్నా? గట్లనైతే నాకొద్దు తీ,” అంది.

అయినా రెండుసార్లు ఫోన్ వచ్చింది. రెండుసార్లూ బతిమాలి తీసుకుపోయాను. రెండోసారి ఆటోలో ఆమె ఏమీ మాట్లాడలేదు. కొత్తగూడ దగ్గర నలభై నిమిషాలు ఆగినా మాట్లాడలేదు. జాబితాలోంచి బస్తీ పేరు తీయమని రోజూ టవర్ చుట్టూ తిరిగాను. బయట డబ్బు పెట్టి కూడా చేయించాను. నా పెన్షన్ ఎంతదూరం వచ్చిందో అంతదూరం చేయించాను.

శ్రావణంలో పోయింది. గురువారం. మామూలుగా అయితే మిషన్ మీద ఉండాల్సిన రోజు.

పదకొండో రోజు అయిపోయాక టవర్‌కు పోయాను. ఆమె పేరు తీయించడానికి. జ్యోత్స్న తెర తెరిచి ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంది. నేను తెర చూశాను. సీతాబాయి, ఎర్రకుంట. వారానికి మూడుసార్లు. చివరిసారి నిన్న. హాజరు నూటికి నూరు. ఆరోగ్యం నిలకడ.

“ఇదేంది బిడ్డా?”

“మిషిన్ వచ్చినంక షెడ్యూల్ దానంతటదే నడుస్తది అంకుల్. ఆపాలంటే మిషిన్ పాడైనట్టు ఫిర్యాదు రావాలె.”

బతికి ఉన్నప్పుడు ఇంత క్రమంగా ఎవరూ చూసుకోలేదు ఆమెను.

జ్యోత్స్న లేచి వెళ్లి ఒక కాగితం ముద్రించి తెచ్చింది. మా బస్తీకి దాత దేశం చేసిన సాయం వివరాలు. నాకు ఇవ్వకూడదట. ఇచ్చింది. సలహాదారుల జీతాలు. దొరసాని విమానం. గచ్చిబౌలి హోటల్లో ప్రకటన, అదే హోటల్లో పునఃప్రకటన, రెండు భోజనాలు. వీడియో తనిఖీ. మిషన్ అన్నచోట గీత ఉంది. మొత్తం కలిపితే మిషన్ ఖరీదుకు మూడింతలు. అడుగున ఒక వరస: ‘లబ్ధిదారుతో సంప్రదింపులు: నలభై ఒకటి’.

“ఈ నలభై ఒకటి ఎవరమ్మా?”

“మీరే అంకుల్. మీరొచ్చినప్పుడల్లా మా టైము, కుర్చీ, ఏసీ, చాయ్, అన్నీ మీ బస్తీకి చేసిన సాయం కిందనే రాస్తరు.”

“నేను కొట్లాడిన రోజు గూడా?”

ఆమె తల దించుకుంది. “దానికి రేటు ఎక్కువ అంకుల్.”

అంటే ఆ దేశం మాట నిలబెట్టుకుంది. ఒక మిషన్ అని, మూడు మిషన్ల సాయం చేసింది. అందులో పెద్ద భాగం నేనే స్వయంగా నడిచి పోయి తీసుకున్నాను. పంచదార ఎక్కువ వేయించుకుని మరీ తాగాను.

వారం తర్వాత ఉదయ్ భాస్కర్ ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. సీతాబాయి ఫోటోకు దండం పెట్టాడు. మర్యాదస్తుడు. కాదనను.

“వచ్చే నెల గచ్చిబౌలిలో సభండి. ఇచ్చిన మాటను మించి చేసిన దేశంగా వాళ్లను సత్కరిస్తున్నారండి. మీరు స్టేజీ మీద అమ్మగారి గురించి రెండు ముక్కలు మాట్లాడాలి.”

“నేను మంచిగ మాట్లాడ సారూ. తిడ్త.”

“తిట్టండి, పర్లేదండి. మనస్ఫూర్తిగా తిట్టండి. తిడితే ‘లోతైన సంప్రదింపు’ కింద వస్తుందండి. అది డబులు.”

“ఏడిస్తే?”

అతను జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. “ఏడిస్తే వచ్చే ఏడాది కేటాయింపులో కూడా చూపించుకోవచ్చండి,” అన్నాడు.

అతన్ని పంపించి కూర్చుని ఆలోచించాను. నేను నోరు విప్పిన ప్రతిసారీ ఆ దేశం ఖాతాలో సాయం పెరుగుతోంది. ఇందులో అసలు దాత ఎవరో తెలిసిపోయింది. నలభై ఒక్కసార్లు ఇచ్చింది నేను. తీసుకున్నది వాళ్లు. నా దగ్గర కృతజ్ఞత చెప్పించుకున్నారు కానీ, ఇంతవరకు నాకు ఒక ఫ్లెక్సీ కట్టలేదు.

అందువల్ల సంబంధిత దేశానికి తెలియజేయడమేమనగా, మీకు నేను చేస్తూ వచ్చిన సాయాన్ని ఈ రోజుతో నిలిపివేస్తున్నాను. ఇంటి పరిస్థితుల దృష్ట్యా ఈ నిర్ణయం తప్పలేదు. ముందస్తు నోటీసు ఇచ్చే పద్ధతి మీ దగ్గర లేదు కనుక నేనూ ఇవ్వడం లేదు. ఈ సంగతి ఇకమీదట ఎవరడిగినా, ఎక్కడ అడిగినా, నేను మాట్లాడను.